సీసా సిద్ధం, ఓపెనరేదీ?

బిరడా బిగించిన వైన్ సీసా ముందు తెలుగువాడి అవస్థ, చేతులు తెగకుండా బయటపడే దారులు

ధౌలా కువాన్ అంటే తెల్ల బావి. ఇప్పుడక్కడ కనిపించేది బావి కాదు, ఒకదాని మీదుగా ఒకటి మెలికలు తిరిగే ఫ్లైఓవర్లు. విమానాశ్రయం నుంచి ఢిల్లీ నగరంలోకి వచ్చేవారికి ఇదే గుమ్మం. ఒకవైపు కంటోన్మెంటు. మరోవైపు తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వెంకటేశ్వర కళాశాల, దాని సమీపంలో అద్దె గదులతో కిక్కిరిసిన సత్య నికేతన్. ఆ పక్కనే 2018లో తెరిచిన మెట్రో స్టేషన్‌కు దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు పెట్టారు. దేశ రాజధానిలో తెలుగు మాట చెవిన పడే చోట్లలో ఇదొకటి.

ఇక్కడి ఏదో ఒక మేడ మీది గదిలో ఇలాంటి సన్నివేశాన్ని ఊహించడం కష్టమేమీ కాదు. అమెరికా నుంచి వచ్చిన బావగారు పొద్దున హైదరాబాద్ విమానం ఎక్కాలి. రాత్రికి బావమరిది గదిలో మకాం. చేతిలో డ్యూటీ ఫ్రీ సంచి. అందులోని విస్కీ మామగారికి, రెడ్ వైన్ బావమరిదికీ అతని స్నేహితులకూ. అందరూ ఉద్యోగస్థులే, పాతికేళ్లు దాటినవారే. పల్లీలు వేగాయి, ఉల్లిపాయలు తరిగారు, స్టీలు గ్లాసులు కడిగి బోర్లించారు. అప్పుడు మొదలవుతుంది అసలు కథ.

"ఓపెనర్ ఉందిరా?"

"ఎందుకు లేదు బావా" అంటూ తెచ్చేది బీరు సీసా మూత తీసే ఓపెనర్.

"ఇది కాదురా, మెలి తిరిగి ఉంటుంది చూడు, అది."

"అది మా దగ్గరెందుకు ఉంటుంది బావా?"

న్యాయమైన ప్రశ్నే. తెలుగు దేశంలో మద్యం దుకాణాన్ని వైన్స్ అంటారు. లోపల విస్కీ, బ్రాందీ, రమ్ము, బీరు గోడ పొడవునా ఉంటాయి. వైన్ అడిగితే మాత్రం షాపువాడు ఎగాదిగా చూసి ఎక్కడో అడుగు అరలోంచి దుమ్ము పట్టిన సీసా తీస్తాడు. పేరులో ఉన్నది షాపులో ఉండదు. మరి తెలుగువాడు తాగిన వాటిలో దేనికి బిరడా ఉంది గనక? కల్లు లొట్టికి మూతే లేదు. సారా ప్యాకెట్టును పంటితో కొరికితే సరిపోయేది. క్వార్టర్ సీసాకు తిప్పితే వచ్చే మూత. బీరు సీసా మూతను బల్ల అంచుతోనో, ఇంకో బీరు సీసాతోనో, స్నేహితుల ముందు గొప్ప కోసం దంతాలతోనో లేపేస్తారు (దంతవైద్యులు ఎంత మొత్తుకున్నా ఈ కళ అంతరించడం లేదు). అమెరికాలో విలియం పెయింటర్ 1892లో పేటెంట్ తీసుకున్న ఈ రేకు మూతకు ఒక సుగుణం ఉంది. అంచు కింద ఏది దూరినా ఊడి వస్తుంది. అందుకే దానికి ప్రత్యేక పనిముట్టు అవసరమని ఎవరూ అనుకోరు.

వైన్ బిరడా అలా కాదు. దానికి పట్టుకోవడానికి అంచే లేదు. అది ఓక్ జాతికి చెందిన కార్క్ చెట్టు బెరడు. ప్రపంచానికి కావలసిన కార్క్‌లో దాదాపు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టుకు 25 ఏళ్లు నిండితే గానీ మొదటిసారి బెరడు ఒలవరు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకు ఒకసారి. మంచి వైన్ సీసాకు పనికొచ్చే నాణ్యత మూడో ఒలుపుకు గానీ రాదు, అంటే చెట్టుకు నలభై ఏళ్లు దాటాక. ఇలా వచ్చిన 24 మిల్లీమీటర్ల మందం బిరడాను నొక్కిపట్టి సుమారు 18 మిల్లీమీటర్ల సీసా మెడలోకి దించుతారు. బెరడు తన పాత సైజుకు రావాలని చూస్తుంది, గాజు రానివ్వదు. ఆ పెనుగులాటే సీలు. దాన్ని పైకి లాగాలంటే మామూలుగా 20 నుంచి 40 కిలోల బరువు ఎత్తేంత బలం కావాలి. పట్టు దొరికితే అదేమంత పెద్ద బలం కాదు. దొరకనిదల్లా పట్టే.

ఆ పట్టు ఇచ్చే పనిముట్టు కంటోన్మెంటు పక్కన చెప్పుకోదగ్గదే, ఎందుకంటే దాని పుట్టుక సైనికులదే అంటారు. పాతకాలపు తుపాకుల గొట్టంలో ఇరుక్కున్న గుడ్డ పీలికలనూ, పేలని గుండ్లనూ బయటికి లాగడానికి వాడిన మెలికల ఇనుప చువ్వే కార్క్‌స్క్రూకు మూలమన్నది ఎక్కువమంది ఒప్పుకునే మాట. బిరడాలు లాగే ఉక్కు పురుగు గురించిన రాత 1681 నాటికే ఇంగ్లండులో ఉంది. అక్కడే శామ్యూల్ హెన్షాల్ అనే మతాచార్యుడు 1795లో దీనికి పేటెంట్ తీసుకున్నాడు. దేవుడి సేవలో ఉన్నాయన ఈ పనికి పూనుకోవడం వింతే గానీ, ఆ రోజుల్లో చర్చికీ సీసాకీ వైరం లేదు. హోటల్ వెయిటర్లు జేబులో పెట్టుకునే, సీసా అంచుకు ఆనించి మీటలా ఎత్తే రకం జర్మన్ కార్ల్ వింకెది, 1882 నాటిది.

అన్నింటికన్నా ముచ్చటైనది స్విస్ సైన్యం కత్తి కథ. కార్ల్ ఎల్సెనర్ 1891లో సైనికులకిచ్చిన మడత కత్తిలో స్క్రూడ్రైవర్ ఉంది, డబ్బా మూత కోసే పరికరం ఉంది. కార్క్‌స్క్రూ లేదు. ఆరేళ్ల తర్వాత 1897లో వచ్చిన అధికారుల కత్తిలో అది చేరింది. సిపాయి తన తుపాకీని విప్పుకోవాలి, డబ్బాలో తిండి తినాలి. వైన్ తాగేది ఆఫీసరు. సమాజంలో ఎవరి స్థానం ఏమిటో తెలియాలంటే వారి జేబులో కత్తి తీసి చూస్తే చాలన్నమాట. ధౌలా కువాన్‌లో రక్షణ దళాల అధికారుల క్లబ్బులో కూర్చున్నవారికి ఈ రాత్రి కూడా సీసా తెరిచిపెట్టే మనిషి ఉంటాడు. అర కిలోమీటరు అవతల అద్దె గదిలో కూర్చున్నవారు మాత్రం వంటింటి సొరుగు వెతకాలి.

వెతికితే ఏం దొరుకుతుందన్నదాన్ని బట్టే దారి. గదిలో స్క్రూ, కటింగ్ ప్లేయర్ ఉంటే సగం గెలిచినట్టే. ఇల్లు మారినప్పుడు కర్టెన్ రాడ్డు బిగించడానికి కొన్న డబ్బాలో అవి తప్పకుండా ఉంటాయి. చెక్కకు వాడే పొడుగాటి స్క్రూ, మరల మధ్య ఎడం ఎక్కువున్నది కావాలి. సన్న మరల స్క్రూ బిరడాను పొడి చేసి ఊడి వస్తుంది. ముందు మెడ మీది రేకు కాగితం ఒలిచి, అంచు తుడిచి, బిరడా నడిమధ్యన స్క్రూ ఆనించి నిటారుగా తిప్పాలి. ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ పైన మిగలాలి. సీసాకు తువ్వాలు చుట్టి నేల మీద నిలబెట్టి ఒకరు గట్టిగా పట్టుకోవాలి, ఇంకొకరు ప్లేయర్‌తో స్క్రూ తల బిగించి తిన్నగా పైకి లాగాలి. అటూ ఇటూ ఊపితే బిరడా చీలుతుంది. సుత్తి వెనక చీలికతో లేపుదామని సీసా అంచుకు ఆనిస్తే గాజు పెచ్చులూడుతుంది. ఓపెనర్ లేకుండా చేసే పనుల్లో అసలు ఓపెనర్‌కు దగ్గరి చుట్టం ఇదొక్కటే. మిగతావన్నీ దూరపు బంధువులు.

స్క్రూ కూడా లేదా? అయితే లాగడం మానేసి లోపలికి తోసేయడమే. ఇది విని బావగారు మొహం చిట్లించవచ్చు గానీ, గోలీ సోడా తాగి పెరిగిన జాతికి ఇందులో కొత్తేముంది? హైరమ్ కాడ్ అనే ఇంగ్లిష్ ఇంజినీరు 1872లో పేటెంట్ తీసుకున్న ఆ సీసా తెరుచుకునేదే లోపలికి. గ్యాసు ఒత్తిడికి పైకి బిగుసుకున్న గోలీని బండివాడు చెక్క బొడిపెతో ఒక్క పోటు పొడుస్తాడు. బొడిపె కనిపించకపోతే బొటనవేలితోనే పని కానిస్తాడు. 'కుయ్'మన్న శబ్దంతో గోలీ కిందికి జారి మెడ నొక్కులో నిలుస్తుంది. అక్కడ నొక్కు పెట్టింది గోలీ మళ్లీ దారికి అడ్డం పడకుండా ఉండటానికే. వైన్ సీసాకు ఆ నొక్కు లేదు, గ్యాసూ లేదు. తేడా అదే.

ఆ తేడా వల్ల రెండు తిప్పలు. బిరడా కిందికి దిగుతుంటే దానికీ వైన్‌కూ మధ్య ఉన్న కాసింత గాలి నలిగి ఒత్తిడి పెరుగుతుంది. బిరడా జారిన క్షణాన ఆ ఒత్తిడంతా వైన్‌ను పైకి చిమ్ముతుంది. తెల్ల చొక్కా మీద రెడ్ వైన్ పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే సీసాను సింకులోనో బాత్రూమ్ నేల మీదో నిలబెట్టాలి, మెడ మీద తువ్వాలు కప్పాలి, మొహం పక్కకు పెట్టాలి. చెక్క గరిటె కాడ లాంటి మొద్దు వస్తువుతో నెమ్మదిగా, ఒకే తీరుగా నొక్కాలి. సుత్తితో కొట్టకూడదు. రెండో తిప్ప, వంచినప్పుడల్లా తేలుతున్న బిరడా వచ్చి మెడకు అడ్డం పడటం. చెంచా కాడతో దాన్ని వెనక్కి పట్టి ఉంచి పోసుకోవాలి. బిరడా ముక్కలు తేలితే టీ వడగట్టే జాలీ ఉంది కదా. ఆ ముక్కల వల్ల ఆరోగ్యానికి వచ్చే ముప్పేమీ లేదు. కాకపోతే ఇక ఆ సీసాకు మూత లేదు గనక ఆ రాత్రో మర్నాడో ఖాళీ చేయాల్సిందే. అద్దె గదిలో నలుగురున్నప్పుడు అదొక సమస్యగా ఎవరూ చెప్పుకోరు.

ఇక బూటు. ఈ కిటుకు వీడియోల్లో చూడనివాళ్లు తక్కువ. సీసా అడుగును బూటు మడమ భాగంలో పెట్టి, అడ్డంగా పట్టుకుని, గోడకేసి తిన్నగా కొడుతూ పోతే బిరడా కొద్దికొద్దిగా బయటికి జరుగుతుంది. నవ్వులాటకు పుట్టిన కథ కాదిది, పనిచేస్తుంది. పనిచేయించేది బూటు కాదు, లోపలి ద్రవం. సీసా గోడ దగ్గర ఠక్కున ఆగినప్పుడు వైన్ ముందుకూ వెనక్కూ ఊగి బిరడా లోపలి ముఖానికి సుత్తిలా తగులుతుంది. కొళాయిని ఒక్కసారిగా కట్టేస్తే పైపులో 'ఢబ్'మని వినిపిస్తుందే, దాని వెనక ఉన్న సూత్రమే ఇదీ. బూటు చేసేదల్లా దెబ్బను మెత్తబరచి గాజును కాపాడటం. కాపాడుతుందన్న హామీ మాత్రం లేదు. పలుచటి అరికాలున్న చెప్పుతో, రాళ్లు పొడుచుకొచ్చిన గోడకు, దెబ్బ ఏటవాలుగా తగిలితే సీసా చేతిలోనే పగులుతుంది. అర్ధరాత్రి పక్కగది వాళ్లు తలుపు కొట్టడం అదనం. సగం బయటికొచ్చాక ఆపేసి చేత్తో మెలితిప్పి లాగడం తెలివైన పని. ఆ తర్వాత కూడా వైన్ కాసేపు కుదురుకోవాలి.

తాళంచెవిని ఏటవాలుగా గుచ్చి తిప్పుతూ లాగే పద్ధతి కూడా ఉంది. నోక్కులున్న సన్న కత్తితో చేసేదీ ఇదే. కొత్త బిరడా, మెత్తటి బిరడా అయితే వస్తుంది. ఎండిన బిరడా అయితే విరిగేది తాళంచెవి. సీసా తెరుచుకోలేదు సరే, ఇంటి తలుపు కూడా తెరుచుకోదు. కత్తి సంగతి ఇంకా ప్రమాదం. బిరడా పట్టు వదిలిన క్షణాన కత్తి ఎటు జారుతుందో చేతికి తెలియదు. రెండో చెయ్యి సరిగ్గా అక్కడే, సీసా మెడ చుట్టూ ఉంటుంది.

అరచేతిలో వేళ్లను వంచే స్నాయువులూ, స్పర్శ తెలిపే నరాలూ చర్మానికి చాలా దగ్గరగా పోతాయి. గాజు కోత పైకి చిన్నగీతలా కనిపిస్తూనే లోపల ఒక స్నాయువును తెంపగలదు. తెగిన వేలు వంగకపోయినా, కొస మొద్దుబారినా అది పసుపు అద్ది గుడ్డ కట్టే గాయం కాదు. రక్తం ఆగిందని ఊరుకుంటే తెగిన స్నాయువు లోపలికి ముడుచుకుపోతుంది, శస్త్రచికిత్స ఆలస్యమయ్యే కొద్దీ వేలు మునుపటిలా పనిచేసే అవకాశం తగ్గుతుంది. కంప్యూటర్ కీబోర్డు మీద బతికే పాతికేళ్ల కుర్రాడికి, పొద్దున విమానం ఎక్కాల్సిన బావగారికి ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. మెడ పగిలిన సీసాలోని వైన్‌ను గుడ్డలో వడగట్టి తాగుదామనే లోభి ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. కంటికి కనిపించని గాజు రజను గుడ్డకు చిక్కుతుందన్న నమ్మకం లేదు. ఎంత ఖరీదైన వైనైనా సింకులో పారబోయడమే.

సీసా మెడను లైటర్‌తో వేడి చేస్తే లోపలి గాలి ఉబ్బి బిరడాను నెట్టేస్తుందన్నది ఇంకో ప్రచారం. సూత్రం తప్పు కాదు. కానీ గాజు వేడిని త్వరగా పంచుకోదు. ఒకచోట కాలి, పక్కనే చల్లగా ఉంటే పగులు పుడుతుంది. పాత పోర్ట్ వైన్ సీసాలను పోర్చుగల్‌లో ఎర్రగా కాల్చిన పట్టకారుతో మెడ పట్టి, ఆపై చల్లటి తడి తగిలించి కావాలనే పగలగొడతారు. అది ఆ పని నేర్చినవాళ్లు చేసేది. లైటరు పట్టుకున్న బావమరిదికి ఆ విద్య లేదు. సైకిల్ పంపు సూదితో గాలి ఎక్కించడమూ అంతే. మామూలు వైన్ సీసా ఒత్తిడి తట్టుకోవడానికి తయారైంది కాదు.

తట్టుకునేలా తయారైంది షాంపేన్ సీసా. లోపల సుమారు ఆరు వాతావరణాల ఒత్తిడి, కారు టైరులో ఉండేదానికి రెండు మూడు రెట్లు. దీనికి ఓపెనర్ అక్కర్లేదు. అసలు కార్క్‌స్క్రూ గుచ్చకూడదు, బూటుతో కొట్టకూడదు, ఊపకూడదు. తీగ విప్పినప్పటి నుంచి బొటనవేలు బిరడా మీది నుంచి తీయకూడదు. గంటకు 80 కిలోమీటర్ల దాకా వేగంతో ఎగిరే బిరడా కంటికి తగిలితే చూపు పోగలదని నేత్రవైద్యులు ఏటా కొత్త సంవత్సరం ముందు హెచ్చరిస్తారు. బిరడాను పట్టి ఉంచి సీసాను తిప్పితే నిట్టూర్పు లాంటి చప్పుడుతో వస్తుంది. నెపోలియన్ గుర్రపు దళంవారు కత్తి దూసి ఒక్క వేటుతో షాంపేన్ మెడ ఎగరగొట్టేవారని చెప్పుకుంటారు. అక్కడ కత్తి పదును పనిచేయదు, లోపలి ఒత్తిడే అంచు దగ్గర గాజును తెంపుకుపోతుంది. కొబ్బరి బొండాల కత్తితో దీన్ని అనుకరించాలని ఉబలాటపడేవాళ్లు పెళ్లిళ్లలో తయారవుతున్నారు. వారికి దూరంగా నిలబడటం మేలు.

ఇంతకీ బావగారి ఓపెనర్ ఏమైంది? మంచిదే ఉంది ఆయన దగ్గర, వెయిటర్లు వాడే రకం. రేకు కోయడానికి దానికొక చిన్న కత్తి ఉంటుంది. కత్తి ఉన్నదేదీ విమానంలో చేతి సంచిలో ఒప్పుకోరు. అందుకని పెద్ద పెట్టెలో వేశారు. ఆ పెట్టె తాళం వేసి, ప్లాస్టిక్ చుట్టి, టేపు బిగించి హైదరాబాద్ ప్రయాణానికి సిద్ధంగా ఉంది. విదేశాల నుంచి వచ్చేవారు సుంకం లేకుండా రెండు లీటర్ల మద్యం తెచ్చుకోవచ్చు. 2023 జూన్‌లో ఢిల్లీ మెట్రో కూడా మనిషికి రెండు సీలు వేసిన సీసాలను అనుమతించింది. అంతకు ముందు ఆ వెసులుబాటు ధౌలా కువాన్ మీదుగా పోయే విమానాశ్రయం లైనులో మాత్రమే ఉండేది. సీసా అన్ని తనిఖీలూ దాటి గదికి చేరడానికి రాజ్యం అన్ని ఏర్పాట్లూ చేసింది. సీలు తీయడమే వ్యక్తికి వదిలేసింది. దారిలో ఆగి ఏ పార్కు బెంచీ మీదో ఆ ప్రయత్నం చేస్తే మాత్రం మళ్లీ రాజ్యం ప్రత్యక్షమవుతుంది. బహిరంగ స్థలంలో తాగితే 2009 నాటి ఢిల్లీ ఎక్సైజ్ చట్టం కింద 5,000 రూపాయల దాకా జరిమానా. అదే చట్టం కొనేవాళ్లకు పెట్టిన కనీస వయసు 25 ఏళ్లు. ఆంధ్ర, తెలంగాణల్లో 21. ఊళ్లో వైన్స్‌కు వెళ్లి దర్జాగా కొన్న కుర్రాడు ఢిల్లీ వచ్చేసరికి మళ్లీ మైనరైపోతాడు. 2021 నవంబరులో అమల్లోకి వచ్చి ఏడాది తిరక్కుండానే రద్దయిన కొత్త మద్యం విధానం ఈ వయసును 21కి దించాలని చూసింది. ఆ విధానం పేరు తెలుగు పాఠకులకు వేరే కారణాలతో గుర్తుంటుంది. సత్య నికేతన్‌లో డిగ్రీ చదివే పిల్లలకు పై కిటుకులేవీ వర్తించవన్నమాట. చట్టం లెక్కన కార్క్ చెట్టుకూ ఢిల్లీ కుర్రాడికీ ఒకటే వయోపరిమితి.

వైన్ తయారీదారులు మాత్రం ఈ అవస్థకు ఎప్పుడో మందు కనిపెట్టారు. బిరడాతో వచ్చే ముప్పు తెరవలేకపోవడం ఒక్కటే కాదు. కొన్ని బిరడాల్లో ఏర్పడే ఒక రసాయనం వైన్‌కు తడిసిన అట్టపెట్టె వాసన అంటిస్తుంది. 1981లో స్విస్ శాస్త్రవేత్త హాన్స్ టానర్ బృందం దాన్ని పట్టుకుంది. ఆస్ట్రేలియాలో క్లేర్ లోయ తయారీదారులు 2000లో, న్యూజిలాండ్‌వారు ఆ మరుసటి ఏడాది మూకుమ్మడిగా తిప్పితే వచ్చే మూతకు మారారు. నాసిక్‌లో 1999లో మొదలైన సులా కూడా ఆ బాటే పట్టింది. క్వార్టర్ సీసా మూత ఎలా తీస్తారో అలాగే తీయవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్ షాహి ద్రాక్షను తినడానికే తప్ప తాగడానికి పండించని జాతికి ఇంతకన్నా అనువైన మూత ఉండదు. అయినా పెద్ద హోటళ్లలో బిరడానే గౌరవం. వెయిటర్ వంగి, 'టప్'మనిపించి, బిరడాను పళ్లెంలో పెట్టి చూపిస్తేనే బిల్లులోని అంకెకు న్యాయం జరిగినట్టు. బహుమతిగా కొనేవారూ అందుకే బిరడా ఉన్నదే ఏరుకుంటారు. బావగారూ అలాగే ఏరుకున్నారు.

రాత్రి పన్నెండింటికి మేడ మీది గదిలో కర్టెన్ రాడ్డు డబ్బా దొరికింది. స్క్రూ ఉంది, ప్లేయర్ లేదు. కింద ఇంటివారి డ్రైవర్ దగ్గర ఉంటుందని ఒకడు దిగి వెళ్లాడు. మూడో ప్రయత్నానికి బిరడా బయటికొచ్చింది, సగం. మిగతా సగాన్ని గరిటె కాడతో లోపలికి తోశారు. బావగారు స్టీలు గ్లాసు ఎత్తి వాసన చూస్తుండగా టీ జాలీ కోసం మళ్లీ వెతుకులాట మొదలైంది.